మా వాడి విమానం పొట్టకి గులాబి రంగు

మా వాడు తొమ్మిదో తరగతి. ఆదివారం వస్తే చాలు, వరండాలో పాత పేపర్లు పరుచుకుని, నా ఉప్పు చెంచాలూ పోపుగిన్నెలూ ఎత్తుకుపోయి రంగులు కలుపుతూ కూర్చుంటాడు. చదువుకోవలసిన పిల్లాడు జానెడు లేని ప్లాస్టిక్ విమానానికి గంటల తరబడి రంగులు వేయడం ఏమిటని నేను చాలాసార్లు కేకలేశాను. ఒకసారి విసుగెత్తి ఆ సీసాలన్నీ ఎత్తి పెరట్లో పడేశాను కూడా. ఇప్పుడు తలుచుకుంటే భయం వేస్తుంది. ఆ సీసాలు నిజంగానే పోయి ఉంటే, మా వాడి గురించి నాకు తెలియవలసిన ఒక సంగతి ఇంకో నాలుగైదేళ్ళకి గానీ తెలిసేది కాదు. అప్పటికి చాలా ఆలస్యం అయిపోయేది.

ఈ పిచ్చి వాడికి మా మామయ్య నుంచి అంటింది. మాది మూలపేట. ఉద్దానంలో చాలా ఇళ్ళలో లాగే మా ఇంట్లోనూ గోడ మీద యూనిఫాం ఫొటో ఒకటి ఉంటుంది. మామయ్య నేవీలో చేసి వచ్చారు. 1971 యుద్ధం అయిపోయాక చేరి, కొన్నేళ్ళు విక్రాంత్ ఓడ మీద ఉన్నారు. 1971 డిసెంబరు 4న ఆ ఓడ మీద నుంచి లేచిన సీ హాక్ విమానాలే కాక్స్ బజార్, చిట్టగాంగ్‌ల మీద దాడి చేశాయి. ఆ విమానాలను మామయ్య తర్వాతి రోజుల్లో రోజూ కళ్ళెదుట చూశారు. ఆ ఓడని 2014లో ముంబైలో ముక్కలు చేసేశారు. ఆ వార్త వచ్చిన రోజు ఆయన అన్నం సరిగ్గా తినలేదు.

నిరుడు మా మరిది విశాఖ నుంచి వస్తూ మా వాడికి సీ హాక్ మోడల్ కిట్ తెచ్చాడు. 1/72 స్కేలు, అంటే అసలు విమానంలో డెబ్బై రెండో వంతు. ముక్కలన్నీ బూడిదరంగు ప్లాస్టిక్కులో ఉంటాయి. విరిచి, గీకి, అంటించి, రంగు మనమే వేసుకోవాలి. అసలు పని ఆ రంగు దగ్గరే. ఏదో ఒక బూడిద రంగు పూసేస్తే సరిపోదంట. ఆ సంవత్సరంలో, ఆ దళంలో ఆ విమానానికి ఏ రంగు ఉండేదో అదే ఉండాలంట. "రంగు తప్పితే అది తాత చూసిన విమానం కాదమ్మా, తిరునాళ్ళ బొమ్మే" అంటాడు.

వాడు చెబుతుంటే నాకూ కొంత అర్థమైంది. సీ హాక్ బ్రిటిష్ వాళ్ళు తయారుచేసింది కాబట్టి రంగులూ వాళ్ళ లెక్క ప్రకారమే వచ్చాయి. పైభాగానికి ఎక్స్‌ట్రా డార్క్ సీ గ్రే. బ్రిటిష్ రంగుల పట్టికలో దాని నంబరు 640. వాన ముందు మా సముద్రం ఎలా ఉంటుందో అలా ఉంటుంది. కింద పొట్టభాగానికి స్కై. దాని నంబరు 210. రెక్కల మీద మన మూడు రంగుల చక్రం, బయట కాషాయం, మధ్యలో తెలుపు, లోపల ఆకుపచ్చ.

పై గ్రే రంగు వాడు కొనిపించుకున్నాడు. హంబ్రోల్ కంపెనీ 123 నంబరు డబ్బా, 14 మిల్లీలీటర్లు. మందు సీసా మూతంత డబ్బా, దాని ధరకి మా ఇంట్లో రెండు రోజుల కూరలు వచ్చేస్తాయి. "ఇంకోటి అడగకు" అని మా ఆయన చెప్పేశారు. అందుకని స్కై రంగు ఇంట్లోనే కలుపుకుంటానన్నాడు. మామయ్య కిటికీలకి వేయగా మిగిలిన ముదురు ఆకుపచ్చ, గేటుకి వేయగా మిగిలిన ఇటుక రంగు, టెక్కలిలో హార్డ్‌వేర్ షాపులో కొన్న తెలుపు, ఇవన్నీ పాత మందు సీసాల్లో పోసి ఉన్నాయి. దేని మీదా పేరు రాసి లేదు.

ఒకరోజు బియ్యం ఏరుకుంటూ వాడి పక్కనే కూర్చున్నాను. విమానాన్ని వెల్లకిలా పెట్టి పొట్టకి రంగు వేస్తున్నాడు. లేత గులాబి! ఉడికించిన రొయ్య ఎలా ఉంటుందో అలాగ.

"ఏటిరా ఇది? స్కై అన్నావు కదా. ఆకాశం నీలంగా ఉండాల గదా?"

"పేరే స్కై అమ్మా. నీలం కాదు. లేతాకుపచ్చ."

"మరి గులాబి ఎందుకేశావు?"

"గులాబీ ఎక్కడుందమ్మా? ఇది లేతాకుపచ్చే."

నేను నవ్వాను. నన్ను ఆటపట్టిస్తున్నాడనుకున్నాను. మామయ్య వచ్చి చూశారు. ఆయన నవ్వలేదు. స్కై అంటే తొక్క తీసిన ఆనపకాయ రంగు అని చెప్పి, వంటింట్లోకి వెళ్ళి నిజంగానే ఆనపకాయ ముక్క తెచ్చి విమానం పక్కన పెట్టారు. "రెండూ ఒకటేనేట్రా?" అని అడిగారు. మా వాడు అటూ ఇటూ చూశాడు. "కొంచెం తేడా ఉంది తాతా, కానీ దగ్గర్లోనే ఉంది కదా" అన్నాడు.

నా చేతిలో చేట అలాగే ఉండిపోయింది. మా నాన్న గుర్తొచ్చారు.

మా కన్నోరిది పలాస వైపు, జీడితోటలున్న ఊరు. చిన్నప్పుడు తోటకి వెళ్తే, ఆకుల మధ్య ఎర్రగా మిలమిలలాడే జీడిపళ్ళు మాకు ఆమడ దూరం నుంచి కనిపించేవి. మా నాన్నకి చెట్టు కిందకి వెళ్ళినా కనిపించేవి కావు. కొమ్మ వంచి చేత్తో తడిమి తెంపేవారు. అమ్మకి పచ్చ చీర తెమ్మంటే ఒకసారి ఇటుక రంగు చీర తెచ్చారు. ఏళ్ళ తరబడి అదే చెప్పుకుని నవ్వుకున్నాం. ఆయన కూడా మాతో కలిసి నవ్వేవారు. ఆ నవ్వు వెనక ఏముందో మాలో ఒక్కరమూ ఆలోచించలేదు.

మర్నాటి వారం శ్రీకాకుళంలో కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. చుక్కలతో నిండిన బొమ్మల పుస్తకం ఒకటి తీశారు. ఒక్కో పేజీలో రంగు రంగుల చుక్కలు, వాటి మధ్య ఒక అంకె దాగి ఉంటుంది. మొదటి పేజీలో 12. అది అందరికీ కనిపిస్తుంది. మా వాడు చదివాడు. రెండో పేజీలో నాకు 8 కనిపించింది. మా వాడు 3 అన్నాడు. తర్వాత కొన్ని పేజీల్లో "ఏమీ లేదు" అన్నాడు. నాకేమో స్పష్టంగా కనిపిస్తున్నాయి. నాకు కనిపిస్తున్నది నా బిడ్డకి కనిపించడం లేదని కళ్ళారా చూడటం ఎలా ఉంటుందో చెప్పలేను.

ఎరుపు, ఆకుపచ్చల తేడా సరిగా తెలియని కలర్ బ్లైండ్‌నెస్ అన్నారు. మన పాఠ్యపుస్తకాల్లో వర్ణాంధత్వం అని ఉంటుంది. ఆ మాటే నాకు నచ్చలేదు. అంధత్వమేమీ లేదు. వాడికి నీలం తెలుసు, పసుపు తెలుసు. వెలుగునీడల తేడా నాకంటే బాగా తెలుసు. కొన్ని రంగుల జతలు మాత్రం వాడి కంటికి ఒకటైపోతాయి. నలుపు తెలుపు ఫొటోలో ఎరుపూ ఆకుపచ్చా ఒకే బూడిదగా కనిపించినట్టన్నమాట.

ఆ చుక్కల పుస్తకం కథ తెలుసుకున్నాక ఆశ్చర్యపోయాను. దాన్ని తయారుచేసింది ఇషిహారా అనే జపాన్ కంటి డాక్టరు. సైన్యంలో చేరడానికి వచ్చే కుర్రాళ్ళని పరీక్షించడానికే మొదట తయారుచేశారు. 1917లో పుస్తకంగా వచ్చింది. మా వాడు సైనిక విమానానికి సరైన రంగు వెతుకుతూ వెళ్ళి, సైన్యం కోసం పుట్టిన పరీక్ష ముందు కూర్చున్నాడు.

ఇంటికొచ్చాక అసలు గొడవ మొదలైంది. అత్తమ్మ ఒకటే మాట. "మా ఇంటా వంటా లేదమ్మా ఈ రోగం. మీ కన్నోరింటి నుంచే వచ్చింది." ఆ తర్వాత గొంతు తగ్గించి, "ఈ సంగతి బయట ఎక్కడా అనకు. రేపు పిల్ల పెళ్ళికి అడ్డొస్తాది" అన్నారు. నాకు ఏడో తరగతి చదువుతున్న కూతురు కూడా ఉంది.

ఇక్కడ నా అభిప్రాయం గట్టిగానే చెప్తాను. అత్తమ్మ అన్నదాంట్లో మొదటి సగం నిజం. ఈ లక్షణం ఎక్స్ క్రోమోజోము మీద వస్తుంది. మగవాళ్ళకి ఎక్స్ ఒకటే ఉంటుంది, ఆడవాళ్ళకి రెండు. మా నాన్నకున్న ఆ ఒక్క ఎక్స్ నాకు తప్పకుండా వస్తుంది. అమ్మ ఇచ్చిన రెండోది బాగున్నందువల్ల నాకు రంగులన్నీ తెలుస్తున్నాయి. నా రెండింటిలో ఏది కొడుక్కి వెళ్తుందనేది బొమ్మాబొరుసు లాంటిదే. యూరప్ మగవాళ్ళలో సుమారు నూటికి ఎనిమిది మందికి ఇది ఉంటుంది, ఆడవాళ్ళలో వెయ్యికి ఐదుగురికి. మన దేశంలో అంతకంటే తక్కువే గానీ అరుదేమీ కాదు. తండ్రి నుంచి కొడుక్కి ఇది రాదు. తల్లి ద్వారానే వస్తుంది. కాబట్టి అవును, నా నుంచే వచ్చింది.

అయితే ఏమిటి? వాడి ఒత్తయిన జుట్టూ నా నుంచే వచ్చింది. లెక్కల్లో చురుకుదనం మా నాన్న నుంచి వచ్చింది. వాటికి ఎవరూ నా కన్నోరింటిని పొగడలేదు. వచ్చిన దారి చెప్పడం వేరు, తప్పు మోపడం వేరు. మన ఇళ్ళలో పిల్లాడికి ఏ చిన్న లోటు కనిపించినా ముందు తల్లి పుట్టిల్లు తవ్వుతారు. ఆ భయంతోనే చాలామంది తల్లులు తెలిసినా నోరు మెదపరు. దాచిపెడితే నష్టపోయేది ఎవరు? పిల్లాడే. రేపు నా కూతురికి కొడుకు పుడితే వాడి కళ్ళు చిన్నప్పుడే చూపించాలని దానికి తెలియాలా వద్దా? అందుకే ఈ సంగతి దానికి చెప్పేశాను. పెళ్ళి సంబంధం వచ్చిననాడు కూడా చెప్తాను.

ఇక మా వాడి విషయం. వాడు తాతలాగే నేవీలో చేరాలనుకుంటున్నాడు. మా వైపు మీకు తెలుసు కదా, తెల్లారకముందే కుర్రాళ్ళు గుంపులుగా రోడ్డు మీద పరుగు తీస్తుంటారు. సెలక్షన్ల కోసం రెండేళ్ళు, మూడేళ్ళు కష్టపడతారు. మా బంధువుల్లో ఒక కుర్రాడు పరుగులో నెగ్గాడు, రాతపరీక్షలో నెగ్గాడు, చివరికి మెడికల్‌లో ఆ చుక్కల పుస్తకం దగ్గర ఆగిపోయాడు. అప్పటికి వాడికి ఇరవై ఏళ్ళు దాటాయి. అప్పటిదాకా వాడికీ తెలియదు, ఇంట్లోనూ తెలియదు. వాడి తల్లి నాతో అన్న మాట ఒక్కటే. "చిన్నప్పుడే తెలిసుంటే ఇంకో దారి చూసుకునేవాడు కదమ్మా."

సైన్యంలో, నౌకాదళంలో, రైలు నడిపే ఉద్యోగంలో రంగుల చూపుకి నియమాలున్నాయి. పనిని బట్టి అవి మారతాయి. ఎర్రదీపం పచ్చదీపం తేడా తెలియాల్సిన చోట ఆ నియమం ఉండటం న్యాయమేనని నేనూ ఒప్పుకుంటాను. నా కొడుకు కోసం దాన్ని తీసేయమనను. కానీ మూసుకున్న తలుపులు ఏవో, తెరుచుకున్నవి ఏవో ముందే తెలియాలి. 2020లో కేంద్రం నిబంధనలు మార్చి, ఒక మోస్తరు లోపం ఉన్నవాళ్ళకి కూడా డ్రైవింగ్ లైసెన్సు ఇవ్వొచ్చంది. 2022లో సుప్రీంకోర్టు పుణె ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌లో అన్ని కోర్సులకూ ఇలాంటి వాళ్ళని తీసుకోవాలని చెప్పింది. రంగులతోనే పనిచేసే సినిమా చదువే చదవొచ్చంటే ఇంకేం కావాలి?

ఈ కబుర్లన్నీ నేను వాడికి చెప్పాను. వాడు వినలేదు. విమానాన్ని అట్టపెట్టెలో పెట్టి, సీసాలన్నీ మంచం కిందకి తోసేశాడు. మూడు వారాలు దాని జోలికే పోలేదు. రంగుల కోసం కేకలేసిన నేనే, వాడు రంగులు ముట్టుకోకపోతే తట్టుకోలేకపోయాను.

వాణ్ణి మళ్ళీ కూర్చోబెట్టింది మామయ్యే. ఆయనకి ఒక కంటికి శుక్లం ఆపరేషన్ అయింది, రెండో కంటికి ఇంకా కాలేదు. వరండాలో తెల్ల కాగితం ఒకటి పట్టుకుని, ఒక కన్ను మూసి ఒక కన్నుతో, తర్వాత రెండోదానితో చూసి వాడికి చెప్పారు. "ఈ కంటికిది తెల్లకాగితం. ఈ కంటికి పసుపు రాసిన కాగితం. నా రెండు కళ్ళే ఒకదానితో ఒకటి ఒప్పుకోవడం లేదు, నీ కన్నూ నా కన్నూ ఒప్పుకోలేదని ఏడుస్తావేట్రా?" మా వాడు చాలా రోజుల తర్వాత నవ్వాడు.

ఇంకో మాట కూడా అన్నారు. ఓడలో రంగుల గదిలో డబ్బాలన్నింటి మీదా పేరూ నంబరూ ఉండేవంట. ఏ రంగు కావాలన్నా కంటితో పోల్చి కాదు, నంబరు చూసి తీసేవారంట. "కన్ను మోసం చేస్తాదనే నంబరు పెట్టినారు" అన్నారు.

అప్పటినుంచి మా ఇంట్లో పద్ధతి మారింది. ప్రతి సీసాకీ చీటీ అంటించాం. ఎన్ని చుక్కల తెలుపులో ఎన్ని చుక్కల ఆకుపచ్చ, ఎన్ని చుక్కల పసుపు కలిపాడో నోటుబుక్కులో రాస్తాడు. ప్రతి మిశ్రమాన్నీ తెల్ల అట్టముక్క మీద పూసి ఆరబెడతాడు. తడి రంగు ఒకలా, ఆరిన రంగు ఒకలా ఉంటుంది మరి. ఆరాక నేనూ మా అమ్మాయీ చూసి చెప్పాలి. మేము వాడికి అరువిచ్చిన కళ్ళం.

ఆ పనిలో నా గర్వం కూడా దిగింది. ఒక రాత్రి ట్యూబులైటు కింద చూసి "సరిగ్గా ఆనపకాయ రంగే" అన్నాను. తెల్లారి ఎండలో చూస్తే పసుపెక్కువై పాలిపోయి ఉంది. బట్టల షాపులో లైట్ల కింద నచ్చిన చీర ఇంటికొచ్చాక వేరే రంగులో కనిపించడం మనకి కొత్తా? అణువుల సిద్ధాంతం చెప్పిన జాన్ డాల్టన్‌కి కూడా మా వాడిలాగే ఉండేదంట. పగలు ఆకాశనీలంగా కనిపించిన జెరేనియం పువ్వు, రాత్రి కొవ్వొత్తి వెలుగులో ఎర్రగా కనిపించేసరికి తన చూపు అందరిలాంటిది కాదని గ్రహించి, 1794లో దాని గురించి ప్రసంగించారు. అంత పెద్ద మనిషికే ఒక పువ్వు చెప్పేదాకా తెలియలేదు. మా వాడికి ఒక విమానం చెప్పింది.

వెలుగునీడల దగ్గర మాత్రం వాడే మాకు గురువు. పైభాగం గ్రే నంబరు ప్రకారమే వేసినా, "బొమ్మ మీద మరీ నల్లగా ఉంది, తెలుపు కలపాలి" అన్నాడు. పెద్ద విమానాన్ని మనం దూరం నుంచి చూస్తాం, మధ్యలో ఉన్న గాలి వల్ల రంగు కాస్త తేలుతుంది. చిన్న బొమ్మకి ఆ దూరం ఉండదు కాబట్టి రంగునే కొంచెం తేల్చాలంట. మాకెవరికీ తెలియని తేడా అది. మామయ్య కూడా ఒప్పుకున్నారు. "డెక్కు మీద ఎండకీ ఉప్పుకీ ఆర్నెల్లలో రంగు పాలిపోయేది. ఏ రెండు విమానాలూ ఒక్కలాగ ఉండేవి కావు" అన్నారు. "మరి ఏది కరెక్ట్ తాతా?" అని వీడు. "నంబరు చెప్పేది రంగు వేసిన రోజుది. నేను చెప్పేది నేను చూసిన రోజుది. నీకేది కావాలో నువ్వే తేల్చుకో" అన్నారాయన. వాడు తాత చూసిన రోజునే ఎంచుకున్నాడు.

విమానం ఇప్పుడు టీవీ పక్కన అలమారలో ఉంది. పొట్ట ఆనపకాయ రంగులోకి మారింది. చక్రాలు దాక్కునే గూడు లోపల మాత్రం కుంచె దూరక ఆ పాత గులాబి కొంచెం మిగిలిపోయింది. నేవీ సంగతి వాడు ఇంకా తేల్చుకోలేదు. ఏ విభాగంలో ఏ నియమం ఉందో తాతా మనవడూ కలిసి చూస్తున్నారు. రాకపోతే ఓడలు కట్టే చదువు చదువుతానంటున్నాడు. మా ఊరి దగ్గర పోర్టు పని రోజూ కళ్ళముందు జరుగుతుంటే ఆ మాట రావడం సహజమే. ఇంకా టైముంది. మాకు ఆ టైమిచ్చింది ఆ గులాబి రంగే.

అందుకే మీకు రెండు మాటలు. మీ పిల్లాడు చెట్టుకి ఇటుక రంగు వేస్తే, పండిన మిరపకాయా పచ్చి మిరపకాయా కలిపేస్తే, స్కెచ్ పెన్నుల మీద పేరు చదివి గానీ రంగు చెప్పకపోతే నవ్వి ఊరుకోకండి, కొట్టకండి. పదో తరగతిలోకి రాకముందే ఒకసారి కంటి డాక్టరు దగ్గర ఆ చుక్కల పుస్తకం చూపించండి. ఫోనులో చూపించి తేల్చేయకండి, తెర మీద రంగులు సరిగా ఉండవు. పది నిమిషాల పని అది. బడిలో ఎత్తూ బరువూ చూసినట్టే ఆరో తరగతిలోనే ఇది కూడా అందరికీ చూస్తే ఎంతమంది కుర్రాళ్ళకి రెండేళ్ళ పరుగు మిగులుతుందో ఆలోచించండి.

రెండోది, ఎవరైనా "మీ పుట్టింటి నుంచే వచ్చింది" అంటే తల దించుకోకండి. "అవునత్తా, వచ్చింది. అందుకే ముందుగా పట్టుకున్నాను" అనండి. నేనదే అన్నాను. అత్తమ్మ ఏమీ అనలేదు. నిన్న మాత్రం పొరుగింటావిడతో, "మీ మనవడికి కళ్ళు చూపించినారా? ఓసారి చూపించండమ్మా" అంటుంటే వంటింట్లోంచి విన్నాను.